వేలి కొలతకు మెనూ

1979లో విసికాల్క్ అనే ప్రోగ్రాం మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ ఎక్సెల్‌లో చూసే గళ్ల పట్టీకి మూలపురుషుడు అదే. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు అమెరికన్లు దాన్ని ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రాశారు. రాయడమైతే రాశారు గానీ, ఒక చిక్కు వచ్చిపడింది. గళ్లలో తిరగాలంటే నాలుగు దిక్కులూ కావాలి. ఆపిల్ 2 కీబోర్డు మీద ఉన్న బాణం కీలు రెండే. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి.

వాళ్లు పట్టిన ఉపాయం ఇది: స్పేస్ బార్ నొక్కితే ఆ రెండు బాణాలే పైకీ కిందికీ పనిచేస్తాయి. మళ్లీ నొక్కితే పక్కలకు. ఏ క్షణాన బాణాలు ఏ దిక్కుకు పనిచేస్తున్నాయో తెలియాలి కదా, అందుకని తెర పైన కుడి మూలన చిన్న గుర్తు పెట్టారు. అడ్డగీత కనిపిస్తే పక్కలకు, ఆశ్చర్యార్థకం కనిపిస్తే పైకీ కిందికీ. కీబోర్డులో లేని రెండు కీలను తెర భర్తీ చేసింది.

మెనూ తయారీ అనగానే రంగులు, బొమ్మలు, అక్షరాల సైజు గుర్తొస్తాయి. అదంతా కంటికి సంబంధించిన వ్యవహారం. చెయ్యి ఎక్కడుంది, ఏ వేలికి ఏ కీ అందుతుంది, ఒక కీ వెతకడానికి చూపు తెర మీంచి ఎన్నిసార్లు దిగాలి అన్నది చేతికి సంబంధించినది. మౌస్ లేని రోజుల్లో ఈ రెండో లెక్క తప్పితే ప్రోగ్రామే అమ్ముడుపోయేది కాదు. అందుకే ఆనాటి వాళ్లు దీని కోసం పడ్డ శ్రమ ఇవాళ చూస్తే ముచ్చటేస్తుంది.

విసికాల్క్‌లో ఆజ్ఞలన్నీ స్లాష్ కీ వెనక ఉండేవి. అది నొక్కితే తెర పైన బి, సి, డి, ఎఫ్, జి అంటూ ఉత్త అక్షరాలు వరుసగా వచ్చేవి. ఏది దేనికో బట్టీ పట్టాల్సిందే. 1983 జనవరిలో వచ్చిన లోటస్ 1-2-3 ఆ స్లాష్‌ను అలాగే ఉంచి, అక్షరాల బదులు నిండు మాటలు పెట్టింది. వర్క్‌షీట్, రేంజ్, కాపీ, మూవ్, ఫైల్, ప్రింట్, గ్రాఫ్, డేటా, క్విట్. కొత్తగా నేర్చుకునేవాళ్లు బాణం కీలతో ఒక్కో మాట మీదికీ వెళ్తుంటే, అది ఏం చేస్తుందో కింది వరుసలో కనిపిస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు మొదటి అక్షరం నొక్కేసి ముందుకు పోతారు. స్లాష్, ఎఫ్, ఎస్ అని టకటకా కొడితే ఫైలు భద్రపరచడానికి సిద్ధం. ఒకే మెనూ ఇద్దరికీ పనికొచ్చింది.

అయితే దీనికో షరతు ఉంది. ఒక మెనూలో ఏ రెండు మాటలూ ఒకే ఇంగ్లీషు అక్షరంతో మొదలవకూడదు. ఫైలు మెనూలో ఈ షరతు అడ్డం తిరిగింది. ఫైలును చెరిపేసే ఎరేజ్ అక్కడే ఉంది, షీటులో కొంత భాగాన్ని విడదీసి వేరే ఫైలుగా దాచే ఎక్స్‌ట్రాక్ట్ కూడా అక్కడే ఉంది. ఇంగ్లీషులో రెండూ ‘ఈ’ అక్షరంతోనే మొదలవుతాయి. లోటస్ వాళ్లు ‘ఈ’ అక్షరాన్ని ఎరేజ్‌కు ఇచ్చేసి, రెండో మాటకు ముందున్న ‘ఈ’ కొట్టేశారు. ఎక్స్ అక్షరంతో మొదలయ్యేలా అలాగే తెర మీద రాశారు. చదివితే ఉచ్చారణ దాదాపు అదే. స్పెల్లింగు మాస్టార్లకు నచ్చకపోవచ్చు గానీ, కీబోర్డుకు తగ్గట్టు మెనూను చెక్కడమంటే ఇదే. ఆ స్లాష్ ఇంకా బతికే ఉంది. లోటస్‌కు అలవాటుపడ్డవాళ్లను ఆకట్టుకోవడానికి ఎక్సెల్ దాన్ని తనలో కలుపుకుంది. ఖాళీ గడిలో స్లాష్ నొక్కి చూస్తే, పైనున్న మెనూ పట్టీ మీద అక్షరాల చీటీలు ఇప్పటికీ తేలి వస్తాయి.

వీటన్నిటిలోకీ తెలివైన ఏర్పాటు ఏదంటే వర్డ్‌స్టార్ పేరు చెప్పాలి. 1978లో మైక్రోప్రో కంపెనీ తెచ్చిన వర్డ్ ప్రాసెసర్ అది. ఆనాటి టెర్మినళ్లలో కొన్నిటికి బాణం కీలు ఉండేవి, కొన్నిటికి ఉండేవి కావు. ఉన్నా ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. అన్నిచోట్లా ఖాయంగా ఉండేవి అక్షరాలు, కంట్రోల్ కీ. ఆ కంట్రోల్ కూడా చాలా కీబోర్డుల మీద ‘ఏ’ అక్షరానికి సరిగ్గా ఎడమ పక్కన ఉండేది. అంటే ఎడమచేతి చిటికెన వేలు కొంచెం జరిపితే చాలు.

ఆ వేలు అక్కడ పెట్టి మిగతా వేళ్లు ఎక్కడ వాలతాయో చూసి వర్డ్‌స్టార్ తన కీలను ఎంచుకుంది. ‘ఈ’ నొక్కితే పైకి, ఎక్స్ నొక్కితే కిందికి, ఎస్ ఎడమకు, డి కుడికి. కీబోర్డు మీద ఈ నాలుగూ ముగ్గుచుక్కల్లా చతురస్రంగా కూర్చుంటాయి. వీటికి ఆవల ఉన్న ఏ, ఎఫ్ నొక్కితే ఒక్కో అక్షరం కాక ఒక్కో మాట దాటుతుంది. పైనున్న ఆర్ ఒక తెర పైకి, కిందున్న సి ఒక తెర కిందికి. ముందు క్యూ చేర్చి నొక్కితే ఇదే కదలిక పెద్దదవుతుంది. క్యూ, ఎస్ కలిస్తే వాక్యపు వరుస మొదటికి, క్యూ, ఆర్ కలిస్తే ఫైలు మొదటికి. ఇక్కడ ఏ అక్షరమూ ఏ మాటకూ పొడి అక్షరం కాదు. స్థానమే అర్థం. దూరంగా ఉన్న కీ దూరం తీసుకెళ్తుంది.

మెనూ విషయంలో వర్డ్‌స్టార్ చూపిన నేర్పు ఇంకా గొప్పది. కంట్రోల్‌తో కే నొక్కితే పాఠాన్ని ముక్కలుగా కదిపే ఆజ్ఞల మెనూ తెరవాలి. కానీ అది వెంటనే తెరుచుకోదు, కాస్త ఆగుతుంది. రెండో అక్షరం తెలిసినవాళ్లు ఈలోగానే నొక్కేస్తారు, వాళ్లకు మెనూ కనిపించనే కనిపించదు. తెలియక ఆగిపోయినవాళ్లకు మాత్రం తెర మీదికి వచ్చి, ఏమేం ఉన్నాయో చెబుతుంది. ఎవరికి సాయం కావాలో వేళ్ల వేగాన్ని బట్టి పసిగట్టే మెనూ అది. మాటిమాటికీ పలకరించే ఇప్పటి యాప్‌లు కాస్త చూసి నేర్చుకోదగ్గ మర్యాద.

కీబోర్డు మారింది. 1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీలో కంట్రోల్ ‘ఏ’ పక్కనే ఉంది, ఫంక్షన్ కీలు పది ఎడమ అంచున రెండు నిలువు వరుసల్లో ఉన్నాయి. 1980ల మధ్యలో ఐబీఎం 101 కీల కొత్త కీబోర్డు తెచ్చింది. అందులో కంట్రోల్ కింది మూలకు పోయింది, దాని చోట క్యాప్స్ లాక్ వచ్చి కూర్చుంది. ఫంక్షన్ కీలు పన్నెండై పైవరుసకు ఎక్కాయి. వర్డ్‌స్టార్ చతురస్రం అక్షరాల్లో అలాగే ఉంది, చేతికి మాత్రం పట్టు తప్పింది. ఈ రోజుకీ కొందరు ప్రోగ్రామర్లు కొత్త కంప్యూటర్ కొనగానే చేసే మొదటి పని క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోవడం.

ఫంక్షన్ కీల సంగతీ అంతే. జీడబ్ల్యూ-బేసిక్‌లో ప్రోగ్రాములు రాసిన తరానికి తెర అడుగున 1లిస్ట్, 2రన్, 3లోడ్ అంటూ అడ్డంగా పరుచుకున్న పట్టీ గుర్తుండే ఉంటుంది. తెర మీద అవి అడ్డవరుస, తొలి పీసీ కీబోర్డు మీద అవే కీలు నిలువు జంటలు. కంటికి కనిపించే క్రమానికీ చేతికి తగిలే క్రమానికీ పొత్తు లేదు. కీలు పైవరుసకు ఎక్కాకే ఆ అడ్డపట్టీకి అర్థం కుదిరింది. 1986లో వచ్చిన నార్టన్ కమాండర్ కూడా తెర అడుగున పది పేర్ల పట్టీనే పెట్టుకుంది. ఎఫ్5 కాపీ, ఎఫ్8 డిలీట్. వర్డ్‌పర్ఫెక్ట్ దారి వేరు. తెరను దాదాపు ఖాళీగా వదిలేసి, కీల చుట్టూ పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ పట్టీ ఇచ్చింది. కంట్రోల్‌తో నొక్కాల్సినవి ఎరుపులో, షిఫ్ట్‌తో ఆకుపచ్చలో, ఆల్ట్‌తో నీలంలో. మెనూ తెర దిగి కీబోర్డు మీదికి వచ్చేసింది. పట్టీ పోగొట్టుకున్నవాళ్ల అవస్థ వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో ఈ విద్య బాగా పండిన చోటు ట్యాలీ. 1986లో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా బెంగళూరులో మొదలుపెట్టిన ఈ లెక్కల ప్రోగ్రాం తెలియని హోల్‌సేల్ కొట్టు, ఆడిటర్ ఆఫీసు తెలుగు ఊళ్లలో కష్టపడి వెతకాలి. బీకాం చదివిన పిల్లలు మొదట చేరే కోచింగ్ కూడా అదే. అక్కడ పాఠం మొదలయ్యేది ఎఫ్4 నుంచి. ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్.

ట్యాలీలో ఓచర్లు ఎక్కించే తెరను గమనిస్తే, ఈ పేర్లన్నీ కుడి అంచున నిలువుగా కీ నంబర్లతో సహా ఎప్పుడూ కనిపిస్తూ ఉంటాయి. మెనూ తెరవాలి, మూయాలి అన్న బెడద లేదు. లెక్కలు ఎక్కించే మనిషి కుడిచేయి అంకెల ప్యాడ్ మీద ఉంటుంది, ఎడమచేతి కింద బిల్లుల కట్ట. మౌస్ పట్టుకోవాలంటే ఈ రెండిట్లో ఏదో ఒకటి వదలాలి. రోజుకు వందల ఓచర్లు కొట్టేచోట ఆ వదలడం, మళ్లీ పట్టుకోవడం తక్కువ పని కాదు. మధ్యలో ఉన్న మెనూలోనూ ప్రతి మాటలో ఒక అక్షరం విడిగా కనిపించేలా ఉంటుంది. ఓచర్స్‌కు వి, బ్యాలెన్స్ షీటుకు బి. మొదటి అక్షరం వేరేవాళ్లు తీసుకుంటే మాటలో ఇంకో అక్షరం. చివర్లో ఒప్పుకుంటారా అని అడిగితే వై కొట్టినా సరే, ఎంటర్ కొట్టినా సరే. ఎంటర్ అంకెల ప్యాడ్ మీద కూడా ఉంటుంది కాబట్టి కుడిచేయి కదిలే పనే లేదు. 2020 నవంబరులో ట్యాలీప్రైమ్ వచ్చి తెర రూపం బాగా మారినా, ఎఫ్4 నుంచి ఎఫ్9 దాకా జోలికి పోలేదు. లక్షలమంది వేళ్లలో స్థిరపడ్డదాన్ని కదిలించే సాహసం ఏ కంపెనీ చేస్తుంది?

ఆ సాహసం ల్యాప్‌టాప్ కంపెనీలు చేశాయి. పైవరుస కీలకు వెలుతురు, శబ్దం పనులు అప్పగించాయి. ఎఫ్8 కావాలంటే పక్కన ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. ఆపిల్ ఇంకో అడుగు వేసి, 2016లో మ్యాక్‌బుక్ ప్రో పైవరుసను మొత్తంగా తీసేసి టచ్ బార్ అనే సన్నటి తెర పెట్టింది. ఏ ప్రోగ్రాంలో ఉంటే ఆ ప్రోగ్రాం మెనూ ఆ తెర మీదికి వస్తుంది. ఆలోచన బాగానే ఉంది గానీ, వేలికి తడిమి చూసుకోవడానికి గట్టు లేదు, గుంట లేదు. నొక్కాలంటే ప్రతిసారీ తల దించి చూడాలి. ఎస్కేప్ కీ కూడా అందులోనే కలిసిపోయింది. దాన్ని నిమిషానికోసారి నొక్కే ప్రోగ్రామర్లు గగ్గోలు పెట్టారు. 2019లో ఎస్కేప్ మళ్లీ అసలు కీగా తిరిగొచ్చింది. 2021 మోడళ్లలో టచ్ బారే పోయి, మామూలు కీలు వచ్చాయి.

ఇంతవరకూ చెప్పుకున్నవన్నీ ఇంగ్లీషు కీబోర్డు లోకంలోని కథలు. సరిహద్దు దాటితే చిక్కు ముదురుతుంది.

జెడ్, ఎక్స్, సి, వి. చేసింది రద్దు, కోత, నకలు, అతికింపు. 1980ల మొదట్లో ఆపిల్ లీసా, మ్యాకింటాష్ కంప్యూటర్లతో స్థిరపడ్డ ఈ నాలుగూ కీబోర్డు కింది వరుసలో పక్కపక్కనే ఉన్నాయి. కుడిచేయి మౌస్ మీద ఉండగా ఎడమచేయి ఒక్కటే అన్నీ చక్కబెట్టగలదు. కోత, అతికింపు అనే పద్ధతికే ఆద్యుల్లో ఒకరైన లారీ టెస్లర్ లీసా బృందంలో ఉన్నారు. ఇదే కంప్యూటర్‌ను ఫ్రాన్సుకు తీసుకెళ్తే, అక్కడి కీబోర్డు మీద జెడ్ పైవరుసకు ఎక్కి ఉంటుంది. జర్మనీలో జెడ్, వై చోట్లు మార్చుకుంటాయి. చెయ్యి కదపకుండా తప్పు దిద్దుకునే సుఖం పోయింది. స్పెయిన్‌లో ఈ అక్షరాల చోట్లు మారలేదు గానీ మాట మారింది. స్పానిష్ వర్డ్‌లో భద్రపరచడానికి కంట్రోల్-జి, ఎందుకంటే వాళ్ల మాట జితో మొదలవుతుంది. కంట్రోల్-ఎస్ అక్కడ అడుగుగీతకు పోయింది. ఇంగ్లీషు వర్డ్‌కు అలవాటుపడ్డ వ్యక్తి మాడ్రిడ్ ఆఫీసులో కూర్చుని ఫైలు భద్రపరచబోతే అక్షరాల కింద గీతలు పడతాయి.

ఇక్కడ మెనూ తయారుచేసేవాళ్లు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. పట్టుకోవాల్సింది అక్షరాన్నా, చోటునా? కీ నొక్కగానే కీబోర్డు పంపేది అక్షరం కాదు, ఫలానా చోటున్న కీ అని చెప్పే ఒక సంఖ్య. దాన్ని అక్షరంగా మార్చేది ఆపరేటింగ్ సిస్టం. కంప్యూటర్ ఆటల్లో పరుగెత్తడానికి వాడే డబ్ల్యూ, ఏ, ఎస్, డి కీలకు చోటు ముఖ్యం. ఫ్రెంచి కీబోర్డు మీద అదే చోట జెడ్, క్యూ, ఎస్, డి ఉంటాయి, ఆట కూడా వాటినే చూపాలి. ప్రింటుకు పి లాంటి వాటికి అక్షరం ముఖ్యం. ఆపిల్ ఒకచోట రెండు పడవలనూ నడిపింది. డ్వోరాక్ అనే వేరే అక్షరక్రమంలో టైపు చేసేవాళ్ల కోసం మ్యాక్‌లో ఒక ఏర్పాటు ఉంది. టైపు చేస్తున్నంతసేపూ డ్వోరాక్ క్రమమే. కమాండ్ కీ పట్టుకున్న క్షణాన మాత్రం కీబోర్డు మామూలు క్వర్టీగా మారిపోతుంది, వదలగానే మళ్లీ డ్వోరాక్.

తెలుగు మెనూ దగ్గరికి వస్తే అక్షరాన్ని పట్టుకునే దారి దాదాపు మూసుకుపోతుంది. ప్రభుత్వం ప్రమాణంగా ఇచ్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డునే తీసుకుందాం. ‘సవరణ’ అనే మాటకు మొదటి అక్షరం స, అది ఎమ్ కీ మీద ఉంది. ‘ఫైల్’లోని ఫ కోసం షిఫ్ట్ పట్టుకుని ప ఉన్న కీ నొక్కాలి. ‘అతికించు’లోని అకూ షిఫ్ట్ కావాలి, ఎందుకంటే షిఫ్ట్ లేకుండా అదే కీ పొల్లు ఇస్తుంది. మెనూ తెరిచే ఆల్ట్‌తో పాటు షిఫ్ట్ కూడా పట్టుకోమంటే దగ్గరి దారి కాస్తా చుట్టుదారి అవుతుంది. పైగా ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లెందరు? డీటీపీ షాపుల్లో అను స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంతో ఆపిల్ అనో మాడ్యులర్ అనో వేరే కీల క్రమాలు. ఇళ్లలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకునే పద్ధతి. కొన్న కీబోర్డుల మీద తెలుగు అక్షరాలు అచ్చయి ఉండవు. స ఎక్కడుందో ఎవరికి వారే సమాధానం చెప్పుకోవాలి. ఇంగ్లీషు మెనూలో చేసినట్టు అక్షరం కింద గీత గీద్దామంటే, అక్కడ వత్తు వేలాడుతూ ఉంటుంది.

అందుకే తెలుగులోకి తెచ్చిన లినక్స్ మెనూల్లో ‘దస్త్రం’ పక్కన కుండలీకరణంలో ఇంగ్లీషు ఎఫ్ పెట్టి, దాని కింద గీత గీశారు. జపాన్ వాళ్లు తమ మెనూల్లో చేసేదీ ఇదే. చదవడం తెలుగులో, నొక్కడం ఇంగ్లీషులో. అందంగా ఉండదు, కానీ పని నడుస్తుంది. తెలుగు కీబోర్డు ఆన్ చేసి ఉన్నా కంట్రోల్-సి నకలు తీయగలుగుతోందంటే, లోపల ఆ కీ ఇంకా సిగానే లెక్కలో ఉండబట్టి.

అక్షరాల గొడవ లేకుండా అంకెలతో సరిపెట్టుకున్న మెనూలు తెలుగు నేల మీద ఎక్కువ దూరం వెళ్లాయి. పాత నోకియా 3310లో మెనూ లోపలికి వెళ్లేకొద్దీ తెర మూలన 4-1 లాంటి సంఖ్య కనిపించేది. అది ఒకసారి చూసుకుంటే చాలు, తర్వాత కిందికి జరుపుకుంటూ పోకుండా అంకెలే కొట్టేయొచ్చు. తర్వాతి నోకియా స్మార్ట్‌ఫోన్లలో మూడు అడ్డం, మూడు నిలువు, మొత్తం తొమ్మిది బొమ్మలు. కింద కీప్యాడ్ మీద ఒకటి నుంచి తొమ్మిది కూడా సరిగ్గా అదే అమరిక. మధ్య బొమ్మ కావాలంటే మధ్యనున్న 5.

ఏటీఎంలో తెరకు రెండు వైపులా నాలుగేసి బటన్లు, ఒక్కోదానికి ఎదురుగా తెర మీద ఒక్కో మాట. గాజు మందంగా ఉండి, నిలబడ్డ మనిషి ఎత్తు మారితే ఏ మాట ఏ బటన్‌కు ఎదురో తేడా కనిపిస్తుంది. టచ్ స్క్రీన్ వచ్చి ఆ బాధ తీర్చింది. ఈ ఎదురెదురు పద్ధతికి తెర కూడా అక్కర్లేదనడానికి ఓటింగ్ యంత్రం సాక్ష్యం. పేరు, గుర్తు, దాని పక్కనే నీలం బటన్. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు, వాళ్లలో ఎక్కువమంది రైతులు. నోటాతో కలిపి 186 వరుసలు. ఒక్కో యూనిట్‌కు 16 చొప్పున 12 యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. మెనూ ఎంత పొడుగు కాగలదో చూడాలంటే ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

2017లో వచ్చిన జియోఫోన్ ఈ పాత విద్యను మళ్లీ బయటికి తీయించింది. టచ్ స్క్రీన్లకు అలవాటుపడ్డ యాప్ కంపెనీలు ఒక్కసారిగా బటన్ల ఫోనుకు తమ మెనూలను సరిచేసుకోవాల్సి వచ్చింది. వేలితో ఎక్కడైనా తాకే వీలు లేదు. నాలుగు దిక్కుల బటన్, మధ్యలో ఓకే, దానికి ఎడమ కుడి పక్కల చెరో బటన్. తెర అడుగున ఆ మూడు బటన్లకు మూడు పేర్లు. తెర వెడల్పు 240 చుక్కలు, అంటే ఒక్కో పేరుకు దక్కేది దాదాపు 80. ఇంగ్లీషులో ‘బ్యాక్’ నాలుగే అక్షరాలు, సులువుగా ఇరుకులో ఇమిడిపోతుంది. తెలుగు అనువాదకులకు ‘వెనుకకు వెళ్లండి’ అని రాసే మర్యాద చెల్లదు, ‘వెనక్కి’ అని కుదించాలి. ‘రద్దు చేయండి’ కాస్తా ‘రద్దు’ అవుతుంది. ‘ఎంచుకోండి’ మాత్రం ఎంత కుదించినా చోటు తింటుంది, కాబట్టి మధ్య బటన్‌కు ‘సరే’ అని పెట్టుకుంటే మేలు. గుడిదీర్ఘాలు పైకీ వత్తులు కిందికీ సాగుతాయి కనుక పట్టీ ఎత్తు కూడా ఇంగ్లీషు కంటే ఎక్కువ కావాలి, లేకపోతే ‘వెనక్కి’లో క వత్తు అడుగున తెగిపోతుంది.